కాఫీ జోకుకి మా మేనకోడలు నవ్వలేదు

పోయిన నెల మా మేనకోడలు హాస్టల్ నుంచి వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. లా మూడో ఏడు చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక నేను సైన్‌ఫెల్డ్ అనే పాత అమెరికా కామెడీ సీరియల్ ఎపిసోడ్ ఒకటి పెట్టుకుంటాను. కొందరికి నిద్రమాత్ర ఎలాగో నాకు అది అలాగ. ఆ రోజు వచ్చింది అందులో క్రేమర్ అనే పాత్ర కాఫీ కేసు. సినిమా హాల్లోకి చాటుగా కాఫీ పట్టుకెళ్ళి, ఒంటి మీద ఒలకబోసుకుని, కాఫీ కంపెనీ మీద దావా వేస్తాడు. కంపెనీ వాళ్ళు జీవితాంతం ఉచితంగా కాఫీ, దానితోపాటు 50 వేల డాలర్లు ఇచ్చి వదిలించుకుందామని వస్తారు. 'ఉచిత కాఫీ' అన్న మాట చెవిన పడగానే క్రేమర్ లేచి ఒప్పేసుకుంటాడు. డబ్బు సంగతి వాళ్ళ నోట్లోనే ఉండిపోతుంది. పక్కన వాడి లాయరు జాకీ చైల్స్ మొహం చూడాలి! నేను ఎప్పట్లాగే పగలబడి నవ్వాను. పిల్ల నవ్వలేదు.

"దీనికి మూలమైన అసలు కేసు మాకు టార్ట్స్‌లో, అదే ఒకరి వల్ల ఇంకొకరికి జరిగే నష్టాల చట్టంలో, ఉంది మామయ్యా. ఆవిడ కాలిన ఫోటోలు ఎప్పుడైనా చూశావా?" అంది.

చూడలేదు. నాకు తెలిసిన కథ ఇంతే: ఎవరో అమెరికావిడ కారు నడుపుతూ కాఫీ తాగబోయి ఒళ్ళో పోసుకుంది, మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేసి కోట్లు కొట్టేసింది. ఈ కథని ఆఫీసులో నేను కనీసం పదిసార్లు చెప్పుంటాను, 'అమెరికాలో దేనికైనా కేసే' అనడానికి ఉదాహరణగా.

పిల్ల ఫోన్ తీసి చదువుతూ పోయింది. 1992, న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ. ఆవిడ వయసు 79. కారు నడపడం లేదు, పక్క సీట్లో కూర్చుంది. కారు ఆగి ఉంది. చక్కెర కలుపుకుందామని కప్పు మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూత తీస్తుంటే ఒలికింది. ఆ కాఫీని వాళ్ళు ఇచ్చే వేడి 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్. తొడల మీద చర్మం లోపలిదాకా కాలిపోయింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది, వేరేచోట చర్మం తీసి అతికారు. ఆవిడ కంపెనీని అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఇస్తామన్నది 800. అంతకుముందు పదేళ్ళలో ఇలా కాలిందని వచ్చిన ఫిర్యాదులు 700 పైచిలుకు అని కోర్టులోనే బయటపడింది. 1994లో జ్యూరీ తప్పులో ఇరవై శాతం ఆవిడదేనని తేల్చి, నష్టపరిహారంలో ఆ మేరకు కోసింది. జరిమానా కింద 27 లక్షల డాలర్లు వేస్తే జడ్జి దాన్ని 4 లక్షల 80 వేలకు తగ్గించాడు. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి, ఎంతకో బయటికి చెప్పలేదు.

ఇవేవీ నాకు తెలియవు. అయినా ఆ కేసు గురించి నాకు బాగా తెలుసని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఎక్కడ తెలుసుకున్నానయ్యా అంటే, ఇదిగో, ఇలాంటి కామెడీల్లోనే. నిజానికి సైన్‌ఫెల్డ్ వాళ్ళు ఆవిడని ఒక్క మాట అనలేదు. ఆవిడ ఆ ఎపిసోడ్‌లోనే లేదు. ఆవిడ స్థానంలో క్రేమర్ ఉన్నాడు, వాడి వెర్రి వాడిది. కానీ అదే జరిగింది కదా! నా బుర్రలో ఆ ముసలావిడ కూర్చోవలసిన కుర్చీలో క్రేమర్ కూర్చున్నాడు.

ఆ రాత్రి నుంచీ ఇదే ఆలోచన. కోర్టు కేసుల మీద టీవీ కామెడీ అనగానే మనవాళ్ళు రెండు పక్షాలుగా చీలిపోతారు. కోర్టులో నలుగుతున్న విషయం మీద జోకులేమిటి, తీర్పు వచ్చేదాకా ఆగలేరా అంటుంది ఒక పక్షం. హాస్యానికి కంచె కట్టకండి అంటుంది రెండోది. నేను మొన్నటిదాకా రెండో పక్షం. ఇప్పుడూ కంచె కట్టమని అనను. కానీ నవ్వడం అయిపోయాక ఆ కేసులోంచి మనకి ఎవరు గుర్తుంటున్నారు, ఎవరు జారిపోతున్నారు అని చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ నేను ఊహించని లెక్క తేలింది. మనుషుల్ని ఎక్కువ మాయం చేసింది మోటు జోకులు కావు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ మెత్తటి జోకులే.

డాన్సాడిన జడ్జిలు

ఓ.జె. సింప్సన్ కేసు తెలియనివాళ్ళు ఈ బ్లాగు చదవరు కాబట్టి కథంతా చెప్పను. నల్లజాతి ఫుట్‌బాల్ హీరో, మాజీ భార్యనీ ఆమె స్నేహితుణ్ణీ చంపాడని కేసు. 1994 జూన్ 12న ఇద్దరు చనిపోయారు, నికోల్ బ్రౌన్, రోనాల్డ్ గోల్డ్‌మన్. 1995 అక్టోబర్ 3న జ్యూరీ సింప్సన్‌ని నిర్దోషి అంది. ఆ మధ్య కాలంలో అమెరికా టీవీ కామెడీకి దాన్ని మించిన మేత లేదు.

జే లెనో తన టునైట్ షోలో ఒక డాన్సు ట్రూపుని దింపాడు. అందరూ ఆ కేసు విన్న జడ్జి లాన్స్ ఇటో వేషంలో ఉంటారు. నల్లగౌను, గడ్డం, కళ్ళజోడు. వరసగా నిలబడి కాళ్ళు ఎగరేస్తారు. వీళ్ళకి 'డాన్సింగ్ ఇటోస్' అని పేరు. ఆ క్లిప్పు ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. ఎవరికీ నొప్పి కలగదు. పిల్లలు కూడా చప్పట్లు కొడతారు. జడ్జిని కూడా గట్టిగా ఏమీ అన్నట్టు కాదు. రెండు శవాల కేసు అది అని గుర్తుచేసేది ఆ డాన్సులో ఒక్కటి కూడా లేదు. లాయర్ల ప్రాసలు, ప్రాసిక్యూటర్ మార్సియా క్లార్క్ జుట్టు, సాక్ష్యంగా పెడితే సింప్సన్ చేతికి పట్టని గ్లవ్, పోలీసులు వెంటపడిన తెల్ల బ్రాంకో కారు. ఆ ఏడాది జోకులన్నీ ఈ నాలుగింటి చుట్టూనే గిరగిరా తిరిగాయి.

లెనో షో వచ్చే అదే ఎన్‌బీసీ ఛానెల్‌లో, అదే కేసు మీద, శనివారం రాత్రి నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే కెనడా మనిషి జోకులు వేసేవాడు. సాటర్డే నైట్ లైవ్‌లో వార్తలు చదివినట్టు చేసే వాటా అతనిది. తీర్పు వచ్చిన వారం అతను కూర్చోగానే అన్న మాట: మొత్తానికి అధికారికంగా తేలిపోయింది, కాలిఫోర్నియా రాష్ట్రంలో హత్య చట్టబద్ధమే. నవ్వుతూ కూడా అనలేదు, మొహం చెక్కలా పెట్టి అన్నాడు. అక్కడితో ఆగలేదు. వారం వారం, రెండేళ్ళకి పైగా, వేరే విషయం మీద మొదలైన జోకు కూడా తిరిగి తిరిగి 'ఆ మనిషి హత్య చేశాడు' దగ్గరికే వచ్చేది. హాల్లో జనం కొన్నిసార్లు నవ్వేవాళ్ళు కారు. ఊఁ అని మూలిగేవాళ్ళు.

1998 మొదట్లో అతన్ని ఆ కుర్చీలోంచి తీసేశారు. తీసేసినాయన డాన్ ఓల్‌మేయర్, ఎన్‌బీసీ పడమటి తీరం విభాగానికి అధ్యక్షుడు, సింప్సన్‌కి పాత స్నేహితుడు. జోకులు నవ్వు తెప్పించడం లేదు, అందుకే తీశాం అన్నాడు ఆయన. స్నేహం సంగతి కారణం కానే కాదన్నాడు. కావచ్చు. లెనో కూడా సింప్సన్ మీద జోకులు వేశాడు కదా, అతన్ని ఏమీ అనలేదు కదా అన్నది ఆయన పక్షాన చెప్పుకునే మాట. నా మటుకు ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. కాళ్ళెగరేసే జడ్జిల వల్ల ఏ స్నేహితుడికీ ఇబ్బంది లేదు. ఇద్దరు చచ్చిపోయారు అని ప్రతి వారం గుర్తుచేసేవాడి వల్లే ఇబ్బంది.

ఇక్కడ నాకూ ఇబ్బందే

ఇంతవరకూ రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. ఎందుకంటే నార్మ్‌ని మెచ్చుకోవడం నాకు సులువు. హైదరాబాదులో కూర్చుని, ముప్పై ఏళ్ళ తర్వాత, సింప్సనే చేశాడని నమ్మేవాడిగా మెచ్చుకుంటున్నాను. పన్నెండు మంది తొమ్మిది నెలలు విని ఇచ్చిన తీర్పుని ఒక టీవీ మనిషి వారం వారం కొట్టేస్తుంటే, అదే నేను తప్పనుకునే కేసులో అయితే ఇలాగే చప్పట్లు కొట్టేవాడినా?

పైగా ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది నల్లవాళ్ళు. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు కొట్టిన లాస్ ఏంజెలెస్ అది. ఆ కొట్టడం వీడియోలో అందరూ చూశాక కూడా, మూడేళ్ళ కిందటే, ఆ పోలీసుల్ని పక్క ఊరి జ్యూరీ వదిలేసింది. సింప్సన్ కేసులో కీలక సాక్షి అయిన డిటెక్టివ్ మార్క్ ఫర్మన్ నల్లవాళ్ళని 'ఎన్'తో మొదలయ్యే తిట్టు మాట గత పదేళ్ళలో అనలేదని ప్రమాణం చేసి చెప్పాడు. అన్న మాటలు టేపుల్లో బయటపడ్డాయి. అబద్ధపు సాక్ష్యం కేసులో తర్వాత శిక్ష కూడా పడింది. ఇదంతా 'హత్య చట్టబద్ధం' అన్న ఒక్క వాక్యంలో ఎక్కడుంది? లేదు. నార్మ్ జోకు చచ్చిపోయిన ఇద్దరినీ పట్టుకుంది, నిజమే. పట్టుకునే తొందరలో ఆ జ్యూరీని వదిలేసింది. అంటే గట్టి జోకు కూడా ఎవరినో మాయం చేస్తుంది. మా మేనకోడలికి ఇది చెబితే, "మరి ఇందాకటి నుంచి ఏం వాదిస్తున్నావు మామయ్యా?" అని అడిగింది. దానికి నేను చెప్పగలిగింది ఒకటే. నార్మ్ జోకుతో నువ్వు పోట్లాడవచ్చు. జ్యూరీ తప్పు కాదు, పోలీసులే అలా చేసుకున్నారు అని ఎదురు చెప్పవచ్చు. కాళ్ళెగరేసే జడ్జితో ఏం పోట్లాడతావు?

ఒక పిల్ల, మూడు జోకులు

నా వాదన కాస్త గట్టిగా నిలబడేది ఆర్. కెల్లీ దగ్గర. ఈ గాయకుడి మీద 2002లో షికాగోలో కేసు పెట్టారు. ఒక వీడియో టేపు బయటపడింది, అందులో అతనితో ఉన్నది 14 ఏళ్ళ పిల్ల అని ఆరోపణ.

మరుసటి ఏడాదే డేవ్ షపెల్ అనే కమెడియన్ తన షోలో కెల్లీ వేషం వేసి ఒక ఉత్తుత్తి పాట చేశాడు. టేపులో కెల్లీ చేశాడన్న ఒక రోతపనిని పల్లవిగా కట్టి, కెల్లీ పాటల వీడియోలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే తీశాడు. దేశమంతా పాడుకుంది. అప్పట్లో న్యూజెర్సీలో ఉన్న మా తెలుగు కుర్రాళ్ళు కూడా అపార్ట్‌మెంటులో పాడుకున్నారు. నేనూ వాళ్ళలో ఒకడిని, దాచడమెందుకు. పద్నాలుగేళ్ళ పిల్ల మీద జరిగిన నేరం గురించి పాడుతున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు. బాత్రూం జోకు అనుకున్నాం. చాలామందికి ఆ కేసంటే ఇప్పటికీ అదే గుర్తు.

2004లో అదే షపెల్ ఇంకో స్కిట్ చేశాడు. సెలబ్రిటీ కేసులకి జ్యూరీని ఎంచుకునే సన్నివేశం. షపెల్ బోనులో కూర్చుంటాడు, లాయరు అడుగుతుంటాడు. సింప్సన్ చేయలేదు, మైకేల్ జాక్సన్ చేయలేదు. కెల్లీ టేపు ఉంది కదయ్యా అంటే, అది కెల్లీ అని నేను నమ్మాలంటే అంటూ లిస్టు చదువుతాడు: రెండు ప్రభుత్వ గుర్తింపు కార్డులు చేత్తో పట్టుకుని ఉండాలి, పోలీసు పక్కన ఉండాలి, అవును వీడు మావాడే అని చెప్పడానికి వాళ్ళ అమ్మమ్మ కూడా ఉండాలి. నవ్వి నవ్వి చచ్చాం దానికీ. కానీ ఈసారి నవ్వు ఎటు తిరిగిందో చూడండి. అభిమానం ముదిరి కళ్ళ ముందున్న సాక్ష్యాన్ని కూడా కాదనే మనిషి మీదికి తిరిగింది. ఒకే నటుడు, ఒకే షో, ఏడాది తేడా.

మూడోది 2005 నవంబర్‌లో వచ్చిన బూన్‌డాక్స్ అనే కార్టూన్ సీరియల్. రెండో ఎపిసోడే కెల్లీ విచారణ. అసలు విచారణ కోర్టులో ఇంకా మొదలే కాలేదు, వీళ్ళు ముందే చేసేశారు. ఇద్దరు అన్నదమ్ములు. చిన్నవాడు రైలీకి ఎనిమిదేళ్ళు, కెల్లీ వీరాభిమాని. వాడికి ఉన్న బెంగల్లా ఒకటే, కెల్లీ జైలుకెళితే తర్వాతి ఆల్బం ఎలా వస్తుందని. కోర్టు బయట అభిమానులు, వ్యతిరేకులు అరుచుకుంటుంటారు. లోపల సాక్ష్యం మీద సాక్ష్యం పెడుతుంటే, కెల్లీ తరఫు తెల్లలాయరు నల్లజాతి మీద కుట్ర అని ఊగిపోతుంటాడు. చివరికి కోర్టులో కెల్లీ పాట పెడతారు. హాలంతా లేచి డాన్సు. పదేళ్ళ అన్న హ్యూయీ లేచి కేకలేస్తాడు: అరెస్టయిన ప్రతి పేరున్నవాడూ నెల్సన్ మండేలా కాడు! ఒక్క క్షణం అందరూ ఆగుతారు. ఆగి, మళ్ళీ పాట.

ఇందులోనూ డాన్సే ఉంది, డాన్సింగ్ ఇటోస్‌లోనూ డాన్సే. కానీ ఈ డాన్సు చూస్తుంటే నాకు మా న్యూజెర్సీ అపార్ట్‌మెంటు గుర్తొచ్చింది.

2008లో అసలు విచారణ జరిగింది. టేపులో ఉందన్న అమ్మాయి సాక్ష్యానికి రాలేదు. జ్యూరీ 14 అభియోగాల్లోనూ నిర్దోషి అంది. తర్వాత 2021లో న్యూయార్క్‌లో వేరే కేసులో దోషిగా తేలి 30 ఏళ్ళు పడింది. 2022లో షికాగోలో మళ్ళీ విచారణ, అప్పుడు ఆ అమ్మాయి, అప్పటికి ముప్పై దాటిన మనిషి, బోనెక్కి చెప్పింది: ఆ టేపులో ఉన్నది నేనే, అప్పుడు నాకు 14 ఏళ్ళు, అప్పట్లో కాదని అబద్ధం చెప్పాను. కెల్లీ అందులోనూ దోషే. ఆ పిల్ల స్కూల్లో చదువుకునే రోజుల్లో తన మీద జరిగినదాన్ని దేశమంతా పాడుకుంటుంటే ఎక్కడ కూర్చుని విన్నదో.

మొదటి పాటని వెనకేసుకొచ్చేవాళ్ళ మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. షపెల్ అలా చేయకపోతే చాలామందికి కేసు సంగతే తెలిసేది కాదు, జనం నోళ్ళలో ఉంచింది ఆ పాటేనని. నిజమే. నాకూ అలాగే తెలిసింది. తెలిసి నేనేం చేశాను? ఆ తర్వాత కూడా కెల్లీ పాటలు కొన్నాను.

తెనాలి పందిరి

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమాస్తా. వకాల్తాలు, అఫిడవిట్లు, బత్తా కట్టడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, ముప్పై ఏళ్ళు అదే పని. ఎనభైల్లో ఒక మనోవర్తి కేసు ఊరంతా గుప్పుమంది. ఊళ్ళో పేరున్న రైసుమిల్లు ఆసామి మీద ఆయన భార్య వేసింది. మా ఊరికి అంతకన్నా సెలబ్రిటీ లేడు. ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ. కథకుడికి ఇటుపక్క హాస్యపు వంత ఉంటాడు కదా, కథ మధ్యలో ఊరి సంగతులు దూర్చి నవ్వించడం వాడి పని. సీతమ్మవారిని అడవిలో దింపే ఘట్టంలో వాడు అందుకున్నాడు: "అదే మన ఊళ్ళో అయితే అమ్మవారు ఏం చేసేదయ్యా? మనోవర్తి వేసేది! నెలకి పూలకింత, పౌడరుకింత, స్నోకింత!" పందిరి పందిరంతా ఈలలు. నాకు పన్నెండేళ్ళు, నేనూ ఈల వేశాను. పక్కన చూస్తే నాన్న లేడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులు నేనే పట్టుకుని ఇంటికొచ్చాను.

ఎందుకో రిటైరయ్యాక చెప్పాడు. పిటిషన్‌లో నెల ఖర్చుల లిస్టు ఒకటి పెట్టాలి. ఆవిడ చెప్పింది బియ్యం, పాలు, అద్దె, పిల్లవాడి ఫీజు. అంతే. నాన్న పాత పిటిషన్ ఒకటి ముందు పెట్టుకుని టైపు చేయించాడు, అందులో ఉన్న వరస ఉన్నట్టు దిగిపోయింది. పూలు, పౌడరు, స్నో అన్నీ ఆ పాత కాగితంలోవి. ఆ లిస్టు కోర్టులోంచి వంతవాడి నోట్లోకి ఎలా వెళ్ళిందో నాన్నకి తెలియదు. పండగ తర్వాత వాయిదాకి ఆవిడ వచ్చి, బెంచీ చివర కూర్చుని, "గుమాస్తా గారూ, ఆ పౌడరు కొట్టేయించండి. మిగతావి ఉంటే ఉండనివ్వండి," అందట. రెండు నెలల తర్వాత అడిగినదాంట్లో సగానికి రాజీ పడింది.

ఆ వంతవాడు చెడ్డవాడేమీ కాదు. అదే నోటితో ఆ రాత్రి మునిసిపాలిటీ వాళ్ళని, పోలీసుల్ని కూడా ఏకిపారేశాడు. కానీ ఆసామి మీద ఒక్క మాట అనలేదు. పందిరి చందాలో పెద్ద చేయి ఆసామిదే.

మన టీవీ ఎందుకు నోరెత్తదు

ఇంతా రాశాక తెలుగు టీవీ సంగతేమిటని అడుగుతారు. మన టీవీలో కామెడీకి కొదవ లేదు. అత్తాకోడళ్ళు, తాగుబోతులు, ఆడవేషాలు, ఒకరి రంగు మీద, ఇంకొకరి లావు మీద జోకులు. పేరున్నవాడి కోర్టు కేసు మీద స్కిట్ మాత్రం చూసిన గుర్తు లేదు. దీన్ని కోర్టుల మీద గౌరవమని నేననుకోను. భయం. ఆ భయం ఊరికే రాలేదు కూడా.

2016 జనవరిలో హిందీ టీవీ నటుడు కికూ శార్దాని హర్యానా పోలీసులు ముంబయి వచ్చి పట్టుకుపోయారు. నేరం ఏమిటంటే, ఒక టీవీ కార్యక్రమంలో డేరా సచ్చా సౌదా అనే మతశాఖ అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ బాబా వేషం వేసి నవ్వించాడు. భక్తుల మనోభావాలు దెబ్బతిన్నాయట. 14 రోజుల రిమాండ్ అన్నారు, అదే రోజు బెయిలొచ్చింది. క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటికే ఆ బాబా మీద అత్యాచారం కేసు ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఏడాదిన్నర తర్వాత, 2017 ఆగస్టులో పంచకుల సీబీఐ కోర్టు అతన్ని దోషి అని తేల్చి 20 ఏళ్ళు వేసింది. వేషం వేసినవాడు లాకప్ చూసేనాటికి, ఎవరి వేషం వేశాడో ఆయన సింహాసనం మీదే ఉన్నాడు. నిజానికి కికూ మీద ఫిర్యాదు ఆ అత్యాచారం కేసు గురించి కూడా కాదు. బాబా వేషంలో మందు పంచి, అమ్మాయిలతో డాన్సాడాడని. అంత మెత్తటిదానికే అంత శిక్ష అయితే, గట్టి జోకు ఎవడేస్తాడు?

పరువునష్టం ఇప్పటికీ మన దగ్గర క్రిమినల్ నేరమే. 2016లో సుప్రీంకోర్టు కూడా అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. దాంతో మన దగ్గర ఈ పని మీమ్స్ చేతికి వచ్చింది. వాటికి పేరూ ఊరూ ఉండవు. 2024 డిసెంబర్‌లో సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత అల్లు అర్జున్‌ని అరెస్టు చేసిన రోజు మా చుట్టాల గ్రూపులో సాయంత్రానికి నలభై మీమ్స్ వచ్చాయి. జైలు భోజనం మీద, పుష్ప డైలాగుల మీద. ఒకదానికి నేను నవ్వు బొమ్మ పెట్టి మా ఆవిడకి చూపించాను. చూసి నవ్వింది. తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ, "చనిపోయినావిడ పేరేమిటండీ?" అని అడిగింది. నాకు గుర్తు రాలేదు. పేపర్లో తొమ్మిది రోజులుగా వస్తూనే ఉంది. ఆ మీమ్స్‌లో హీరోని తప్పుపట్టినవీ ఉన్నాయి, వెనకేసుకొచ్చినవీ ఉన్నాయి, ముఖ్యమంత్రిని అన్నవీ ఉన్నాయి. ఆవిడ ఉన్నది ఒక్కటీ లేదు. మీమ్‌లో పెట్టాలని కాదు. పెడితే ఇంకా రోతగా ఉండేది. కానీ నలభై చూశాక పేరు పోయింది.

జోకు ముందుంటే

ఆగాలి, తీర్పు వచ్చాక జోకెయ్యాలి అనేవాళ్ళకి మాత్రం నేనింకా ఒప్పుకోను. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశాడని ఆరోపణలొచ్చిన అమెరికా కామెడీ నటుడు బిల్ కాస్బీ కేసు చూడండి. 2009లోనే 30 రాక్ అనే కామెడీలో ఒక పాత్రకి కాస్బీ పేరుతో ఫోన్ వస్తే, మా ఆంటీకి నువ్వు చేసినదాని తర్వాత నాకు ఫోన్ చేయడానికి నీకెంత ధైర్యం అని అరుస్తాడు. జనం నవ్వారు, ఎపిసోడ్ ముందుకెళ్ళింది. అందులో ఉన్నదంతా అందులోనే ఉంది, ఎవరికీ పట్టలేదు. 2014లో హానిబల్ బురెస్ అనే కమెడియన్ ఫిలడెల్ఫియాలో స్టేజి మీద అదే మాట పచ్చిగా అన్నాడు, ఇంటికెళ్ళి వెతుక్కోండి అని కూడా అన్నాడు. ఎవరో ఫోన్లో తీశారు. అక్కడి నుంచి కదిలింది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు బయటికొచ్చారు. 2018లో శిక్ష పడింది, 2021లో పై కోర్టు విధానపరమైన కారణంతో కొట్టేసింది, అది వేరే సంగతి. బురెస్ తీర్పు కోసం ఆగి ఉంటే కోర్టే ఉండేది కాదేమో.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2022లో హాలీవుడ్ నటులు, మాజీ భార్యాభర్తలు జానీ డెప్, అంబర్ హర్డ్ పరువునష్టం కేసు వర్జీనియాలో ఇంకా నడుస్తుండగానే, మే 14న సాటర్డే నైట్ లైవ్ దాని మీద స్కిట్ చేసింది, పక్క మీద మలం గొడవ పట్టుకుని. జ్యూరీ వాళ్ళు రోజూ ఇళ్ళకి వెళ్ళి వస్తున్నారు, హోటల్లో పెట్టలేదు. టీవీ చూడొద్దని చెప్పారు, అంతే. ఆ స్కిట్ చూస్తే ఆ కేసులో కొట్టడం, తిట్టడం మీద వాదన ఉన్నట్టే తెలియదు. ఇక్కడ మాత్రం రెండున్నర వారాలు ఆగితే ఏం పోయేదని నాకూ అనిపించింది.

లెనోకి జరిగింది అన్నిటికన్నా తమాషా. 2005లో మైకేల్ జాక్సన్ కేసులో అతన్ని సాక్షిగా పిలిచారు. సాక్షులు కేసు గురించి మాట్లాడకూడదని కోర్టు ఆర్డరు. రోజూ జాక్సన్ మీద జోకులేసే మనిషి నోరు కట్టేసినట్టయింది. కొన్నాళ్ళు జాక్సన్ జోకు వచ్చినప్పుడు లెనో పక్కకి తప్పుకుని, ఇంకో కమెడియన్‌ని పిలిచి వేయించాడు! చివరికి జడ్జి మెల్విల్ తేల్చి చెప్పాడు: నీకు సాక్షిగా తెలిసిన సంగతుల మీద వద్దు, మిగతా జోకులు వేసుకో. అంటే తెలిసిన దాని మీద నోరు మూసుకో, తెలియని దాని మీద ఎంతైనా నవ్వించు. చట్టప్రకారం అది సరైన ఆర్డరే.

మా మేనకోడలు వెళ్ళేముందు రోజు రాత్రి తనే రిమోట్ తీసుకుంది. "ఆ జాకీ చైల్స్ ఇంకేం చేశాడు, పెట్టు," అంది. బ్రా ఎపిసోడ్ పెట్టాను. సింప్సన్ గ్లవ్ సన్నివేశానికి పేరడీ. క్రేమర్ వాళ్ళు దావా వేసిన ఆవిడ కోర్టులో బ్రా తొడుక్కుని చూపించాలి. ఒంటి మీద ఉన్న బట్టల మీదే తొడుగుతుంది, పట్టదు, కేసు పోతుంది. బయటికొచ్చాక జాకీ చైల్స్ క్రేమర్ మీద విరుచుకుపడతాడు, బ్రా అన్నది ఒంటికి ఆనుకుని ఉండాలయ్యా, గ్లవ్‌లాగా అని.

పిల్ల ఈసారి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఆపి, వెనక్కి తిప్పింది.

"మామయ్యా, సింప్సన్ కూడా కోర్టులో లోపల రబ్బరు గ్లవ్స్ వేసుకుని దాని మీద తొడిగాడు కదా. అందుకే బిగుసుకుందని ప్రాసిక్యూషన్ మొత్తుకుంది. వీళ్ళు అది కూడా పెట్టారు చూడు."

ఇన్నేళ్ళలో నేను పట్టుకోలేదు. మెత్తటి జోకు మనుషుల్ని మింగేస్తుందని ఇంతసేపూ రాశాను. ఇదీ మెత్తటిదే, పైగా సాక్ష్యాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంది. దీన్ని ఏ లెక్కలో వేయాలో నాకు తేలలేదు. పిల్ల మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తోంది. నేను కాఫీ పెట్టడానికి లేచాను.